యెహోయాకీము చాకు: పత్రికల సెన్సారు గురించి సంఘం తెలుసుకోవలసినది



ఈ మధ్య నరసరావుపేట దగ్గర ఒక సంఘంలో ఆదివారం ఆరాధన ముగిశాక, పత్రిక చందా కట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన మమ్మల్ని ఇలా అడిగారు. "అయ్యగారూ, పత్రికల నోరు నొక్కుతున్నారని టీవీలో ఒకటే గొడవ. అది పత్రికలవాళ్ళకూ పార్టీలవాళ్ళకూ మధ్య తగాదా కదా. మనకు వాక్యం చాలు. మనకెందుకండీ ఇదంతా?"

అక్కడ నిలబడి రెండు ముక్కల్లో ఏదో చెప్పాము గాని, ఆ జవాబు మాకే తృప్తినివ్వలేదు. ఆయన అడిగింది మామూలు ప్రశ్న కాదు. మన సంఘాల్లో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న అది. అందుకే ఈ వారం సంపాదకీయంలో ఆ విషయాన్నే మొదటినుండి చెప్పుకుందాం. సెన్సారు అంటే ఏమిటి, అది ఎలా పని చేస్తుంది, మన పల్నాడుకు దానితో ఏమి సంబంధం, ఈనాడు చట్టం ఏమంటోంది, చివరకు సంఘంగా మనమేమి చేయాలి అన్నవి వరుసగా చూద్దాం.

చలికాలపు నగరులో ఒక కుంపటి

మొదట వాక్యంలోకి వెళ్దాం. యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం తీసి చదవండి. పత్రికా స్వేచ్ఛ అనే మాట పుట్టక ముందే జరిగిన సెన్సారు కథ అది.

యిర్మీయా మందిరంలోకి వెళ్ళకుండా అడ్డుకున్నారు. నోటితో చెప్పే దారి మూసుకుపోయింది గనుక ఆయన బారూకును పిలిచి, దేవుడు తనకిచ్చిన మాటలన్నీ పుస్తకపు చుట్టలో రాయించాడు. ఉపవాస దినాన బారూకు దానిని మందిరంలో ప్రజలందరికీ చదివి వినిపించాడు. ఆ కబురు అధిపతులకు చేరింది. వాళ్ళు విని భయపడి, "నీవూ యిర్మీయా ఎక్కడైనా దాగుకొనండి" అన్న అర్థం వచ్చేలా బారూకుకు చెప్పి, సంగతి రాజుకు తెలియజేశారు. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. యెహూది మూడు నాలుగు వరుసలు చదివేసరికి రాజు చాకుతో ఆ భాగం కోసి మంటలో వేశాడు. చుట్ట అంతా అయిపోయేవరకు అలాగే చేశాడు. ఎల్నాతాను, దెలాయా, గెమర్యా వద్దని బతిమాలినా వినలేదు.

ఈ కథలో మూడు సంగతులు గమనించాలి. మొదటిది, రాజు ఆ మాటలు అబద్ధమని రుజువు చేయలేదు. వాటికి జవాబే చెప్పలేదు, కోసి కాల్చాడు. రెండవది, రాజు దగ్గరున్నవారిలో కాల్చవద్దని చెప్పిన ముగ్గురి పేర్లను వాక్యం జాగ్రత్తగా భద్రపరచింది. మూడవది, కాలిన మాటలు పోలేదు. యిర్మీయా మళ్ళీ చెప్పాడు, బారూకు మళ్ళీ రాశాడు, అటువంటి మాటలు ఇంకా అనేకం చేరాయి. మనమీనాడు చదువుకుంటున్నది ఆ రెండవ ప్రతినే.

సెన్సారుకు మూడు దారులు

ప్రభుత్వం ఒక రాతను ఆపడానికి మూడు దారులున్నాయి. ఇవి తెలిస్తే వార్తలు అర్థమవుతాయి.

ఒకటి, అచ్చుకు ముందు ఆపడం. పత్రిక అచ్చయ్యే ముందే ప్రతి పేజీని అధికారికి చూపించాలి. ఆయన కొట్టేసినది పోతుంది, వదిలినది వెలువడుతుంది. పూర్వ సెన్సారు అంటే ఇదే.

రెండు, అచ్చయ్యాక పట్టుకోవడం. నిషేధం, ప్రతుల జప్తు, సంపాదకుని మీద కేసు, జైలు ఈ దారిలోవి. యెహోయాకీము ఈ దారిలో నడిచాడు.

మూడు, అచ్చే కాకుండా చేయడం. ధరావతు కట్టమనడం, కాగితం కోటా తగ్గించడం, ప్రకటనలు ఆపడం, అనుమతులు తిప్పించడం వంటివి. ఇందులో ఎవరూ చాకు పట్టుకున్నట్టు కనబడదు. సంపాదకుడే భయపడి తన చేత్తో తానే కోసుకుంటాడు.

మిషనరీలకూ తప్పలేదు

మన దేశంలో సెన్సారు కథ మొదలైన రోజుల్లోనే మన మిషనరీలు అందులో ఇరుక్కున్నారు. 1799లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ పత్రికలకు నియమాలు పెట్టాడు. అచ్చువేసేవాని పేరు వేయాలి, సంపాదకుని చిరునామా ఇవ్వాలి, ప్రభుత్వ కార్యదర్శి చూడకుండా ఏదీ వెలువడకూడదు. ఆదివారం పత్రిక తేకూడదన్న నియమం కూడా అందులో ఉంది. అది చదివి మన పాఠకులు సంతోషించవచ్చు గాని, మిగిలిన నియమాలన్నీ కంపెనీ తప్పులు బయటపడకుండా పెట్టినవే.

విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డు కంపెనీ నేల మీద గాక డేనిష్‌వారి సెరంపూరులో ఉండి పని చేయవలసి వచ్చిందని మనకు తెలుసు. 1807లో ఆ ముద్రణాలయానికే ఆపద వచ్చింది. అక్కడ పారశీక భాషలో అచ్చయిన ఒక కరపత్రంలో ముస్లిములు గౌరవించే మహమ్మదును దూషించే మాటలు ఉన్నాయి. అనువాదంలో అవి తమకు తెలియకుండా చేరాయని మిషనరీలు చెప్పి విచారం తెలిపారు. అయినా ముద్రణాలయాన్ని కలకత్తాకు తరలించాలని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. డేనిష్ గవర్నరు అండగా నిలిచాడు, మిషనరీలు వినయంగా విన్నవించుకున్నారు, చివరకు ఆ ఆజ్ఞ రద్దయింది. అయితే కరపత్రాలను ప్రభుత్వానికి చూపించాలన్న షరతుకు వాళ్ళు లోబడ్డారు.

ఈ సంఘటనలో మనకు రెండు పాఠాలున్నాయి. సువార్త అచ్చు కూడా ప్రభుత్వ చేతి కింద నలిగిందన్నది ఒకటి. ఆ చేతికి సందు ఇచ్చింది సువార్త కాదు, పరమతాన్ని దూషించిన మాటలు అన్నది రెండవది. ఈ రెండవ పాఠం మనం తరచుగా మరచిపోతాము.

1818 మే నెలలో అదే సెరంపూరు నుండి 'సమాచార్ దర్పణ్' అనే బెంగాలీ వారపత్రిక వెలువడింది. వార్తలు వేస్తే ప్రభుత్వానికి కోపం వచ్చి బైబిలు పనే ఆగిపోతుందేమోనని కేరీ గారు మొదట సందేహించారు. అయినా పత్రిక వచ్చింది, నిలిచింది. 1823లో మళ్ళీ లైసెన్సు నిబంధన తెచ్చినప్పుడు రాజా రామమోహన రాయ్ దానికి తలవంచడం ఇష్టం లేక తన పారశీక పత్రికనే మూసివేశారు. 1835లో మెట్కాఫ్ ఆ నిబంధన తీసివేశాడు. ఇలా బిగించడం, వదలడం, మళ్ళీ బిగించడం, ఇదే వందేళ్ళపాటు సాగింది.

తెలుగు సంపాదకుని సంకెళ్ళు

1908లో బెజవాడ నుండి వెలువడిన 'స్వరాజ్య' పత్రికకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు సంపాదకులు. తిరునల్వేలిలో జరిగిన పోలీసు కాల్పులను ఖండిస్తూ వచ్చిన రచనకు ఆయన మీద రాజద్రోహం మోపారు. కింది కోర్టు వేసిన శిక్ష తక్కువని ప్రభుత్వం పై కోర్టుకు వెళ్ళి దానిని మూడేళ్ళ కఠిన శిక్షగా పెంచించింది. ఒక సంపాదకుడు రాసినందుకు దొంగలతో సమానంగా జైలులో పని చేశాడు.

1910లో వచ్చిన ప్రెస్ చట్టం మూడవ దారిని తెరిచింది. కొత్తగా ముద్రణాలయం పెట్టేవాడు 500 నుండి 2,000 రూపాయలవరకు ధరావతు కట్టాలి. ప్రభుత్వానికి నచ్చనిది అచ్చయితే ఆ సొమ్ము పోతుంది. అప్పటి 500 రూపాయలు చిన్న ప్రెస్సు యజమానికి ప్రాణంతో సమానం. దానితో చాలామంది సంపాదకులు తమ కలం పట్టుకునే ముందు ప్రెస్సు యజమాని ముఖం చూడవలసి వచ్చింది.

పల్నాడు అడవి నుండి పుట్టిన పుస్తకం

ఇక మన ఊళ్ళకు వద్దాం. 1921లో పల్నాడు రైతులు అడవిలో పశువులు మేపుకోవడానికి కట్టవలసిన పుల్లరి మీద తిరగబడ్డారు. మాచర్ల, దుర్గి ప్రాంతాల్లో పెద్దలు చెప్పే కథల్లో ఆ రోజులు ఇంకా బతికే ఉన్నాయి. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు ప్రాణం విడిచాడు. ఆ ఉద్యమంలో పాలుపంచుకున్నందుకు జైలుకు వెళ్ళినవారిలో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఒకరు. నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు ఆయన ఊరు. ఆయన బారిస్టరు చదివినవారు, గుంటూరులో స్త్రీల చదువుకోసం శారదా నికేతనం స్థాపించినవారు.

ఆయన జైలులో కూర్చుని 'మాలపల్లి' నవల రాశారు. ఊరి బయట పల్లెలో పుట్టిన రామదాసు కుటుంబం, అతని కొడుకు సంగదాసు, కూలి దగ్గర అన్యాయం, భూస్వామి చేతిలో సంగదాసు మరణం ఈ కథలో ముఖ్యం. 1922లో పుస్తకం వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. అట్టడుగు జనం కష్టాన్ని వాడుకభాషలో, వాళ్ళను మనుషులుగా నిలబెట్టి చెప్పడం ప్రభుత్వానికి ప్రమాదంగా తోచింది. శాసనసభలో చర్చ జరిగి, 1928లో కొన్ని మార్పులతో మళ్ళీ అచ్చుకు వీలు కలిగింది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయం దానిని పాఠ్యగ్రంథంగా తీసుకుంటే 1936లో మళ్ళీ నిషేధం పడింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గాని అది తొలగలేదు.

ప్రియులారా, ఇది మనకు దూరపు కథ కాదు. 1849లో ఫాదర్ హయ్యర్ గురజాల వచ్చి సువార్త చెప్పినది మొదలు, ఈ పల్నాడులో ప్రభువును నమ్ముకున్నవారిలో అత్యధికులు ఆ పల్లెలవారే. మన తాతముత్తాతల కథ పుస్తకంగా వస్తే, దానిని చదవకూడదని ప్రభుత్వం అన్నది. "మనకెందుకండీ" అని అడిగిన పెద్దాయనకు మా మొదటి జవాబు ఇదే. సెన్సారు దెబ్బ పత్రికాఫీసు మీద మాత్రమే పడదు. ఎవరి కష్టం బయటికి రావాలో వాళ్ళ మీద ముందు పడుతుంది.

మనవారి పాలనలో

తెల్లవారు వెళ్ళిపోతే సెన్సారు పోతుందని అనుకున్నారు. పోలేదు. 1948లో మద్రాసు ప్రభుత్వం బెజవాడ నుండి వెలువడే కమ్యూనిస్టు దినపత్రిక 'ప్రజాశక్తి'ని నిషేధించింది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన కొద్ది వారాలకే, బొంబాయి నుండి రొమేష్ థాపర్ నడిపే 'క్రాస్ రోడ్స్' వారపత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకూడదని అదే ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. అప్పటికి మన గుంటూరు జిల్లా, అందులోని పల్నాడు మద్రాసు రాష్ట్రంలోవే.

1950 మే 26న సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులు ఇచ్చింది. ఒకటి 'క్రాస్ రోడ్స్' మీద నిషేధాన్ని కొట్టివేసింది. రెండవది ఢిల్లీలో 'ఆర్గనైజర్' పత్రిక మీద పెట్టిన పూర్వ సెన్సారును కొట్టివేసింది. మొదటిది ఎడమపక్షపు పత్రిక, రెండవది దానికి పూర్తిగా ఎదుటి పక్షపు పత్రిక. ఆ రెండింటికీ ఒకే రోజు ఒకే న్యాయం దొరికింది. భావప్రకటన స్వేచ్ఛ మనకు నచ్చినవారికి మాత్రమే ఇచ్చేది కాదని ఆ రోజు తేలింది.

కాని 1951లోనే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. 19వ అధికరణంలో పౌరునికిచ్చిన మాట్లాడే, రాసే స్వేచ్ఛకు ప్రజాశాంతి, విదేశాలతో స్నేహసంబంధాలు, నేరానికి ప్రేరేపించడం అన్న కారణాలతో పరిమితులు పెట్టవచ్చని చేర్చారు. అయితే ఆ పరిమితి సమంజసంగా ఉండాలన్న మాట కూడా అప్పుడే చేరింది. ఈనాటివరకు కోర్టుల్లో జరిగే వాదమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది.

అత్యవసర పరిస్థితిలో సంఘం

1975 జూన్ 25 రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి విధించారు. ఆ రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులున్న వీధికి కరెంటు ఆపేశారు. మరునాటినుండి పూర్వ సెన్సారు అమలైంది. కొన్ని పత్రికలు సంపాదకీయం ఉండవలసిన చోటు ఖాళీగా వదిలి అచ్చువేశాయి. స్వాతంత్ర్యం గురించి గాంధీ, టాగోర్ చెప్పిన మాటలు వేయబోతే వాటికీ అడ్డు తగిలింది. బొంబాయిలో ఒక ఇంగ్లీషు దినపత్రిక మరణవార్తల కాలంలో ప్రజాస్వామ్యం చనిపోయినట్టు ఒక చిన్న ప్రకటన వచ్చింది. పేర్లను విడగొట్టి మనిషి పేర్లలా రాశారు గనుక ఎవరూ పట్టుకోలేదు. సత్యం ఆ మృతునికి భార్యగా, స్వేచ్ఛ బిడ్డగా, విశ్వాసం, నిరీక్షణ, న్యాయం తోబుట్టువులుగా అందులో ఉన్నారు.

ఆ 21 నెలల్లో మన సంఘాలు ఏమి చేశాయి? నిజం ఒప్పుకోవాలి. ఎక్కువమంది నాయకులు మౌనంగా ఉన్నారు. మన బడులు, ఆసుపత్రులు, విదేశీ సహాయం దెబ్బతింటాయన్న భయం ఉంది. రైళ్ళు వేళకు నడుస్తున్నాయని మెచ్చుకున్నవారూ ఉన్నారు. అయితే కేరళలో మార్తోమా సంఘ మెట్రోపాలిటన్ యూహానోన్ మార్తోమా ప్రధానమంత్రికి లేఖ రాసి అత్యవసర పరిస్థితి ఎత్తివేయమని కోరారు. మద్రాసు నుండి వెలువడే 'గార్డియన్' అనే క్రైస్తవ వారపత్రికలో ఎం.ఎం. థామస్ గారు ఆ నిర్బంధపు రోజుల్లోనూ రాశారు. ఆ కాలపు ఆయన రచనలు తరువాత పుస్తకంగా వచ్చాయి. యెహోయాకీము ఎదుట కాల్చవద్దని చెప్పిన ఆ ముగ్గురిలా, వీళ్ళ పేర్లు నిలిచాయి. మౌనంగా ఉన్నవాళ్ళను ఎవరూ తలచుకోరు.

ఈనాటి చట్టం ఏమంటోంది?

ఇప్పుడు పేజీలను ముందుగా చూసే అధికారి లేడు. కాని మిగిలిన రెండు దారులు తెరిచే ఉన్నాయి.

భారతీయ నాగరిక సురక్షా సంహిత 98వ సెక్షను ప్రకారం, వర్గాల మధ్య ద్వేషం పెంచేదని గాని, మతవిశ్వాసాలను కావాలని అవమానించేదని గాని, మరికొన్ని కారణాలతో గాని, రాష్ట్ర ప్రభుత్వం ఒక పుస్తకాన్ని లేదా పత్రికను జప్తు చేయవచ్చు. అయితే ఏ కారణంతో చేస్తున్నదో ఉత్తర్వులో చెప్పి తీరాలి. ఆ పుస్తకంతో సంబంధమున్న ఎవరైనా 99వ సెక్షను కింద రెండు నెలల లోపు హైకోర్టుకు వెళ్ళవచ్చు. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని వింటుంది. ఇది పాత చట్టంలో 95, 96 సెక్షన్లుగా ఉండేది.

ఇంటర్నెట్టులో ఉన్న రాతకు దారి వేరు. సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం ఒక పేజీని దేశంలో కనబడకుండా చేయవచ్చు. ఇక్కడ ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ ఉత్తర్వులను రహస్యంగా ఉంచాలని నిబంధనలే చెబుతున్నాయి. పుస్తకం జప్తు చేస్తే గెజిట్‌లో కారణం కనబడుతుంది. పేజీ మూస్తే పాఠకునికి కారణమే తెలియకపోవచ్చు. కారణం తెలియనివాడు కోర్టుకు ఏమని వెళ్తాడు?

పత్రిక అచ్చువేసే సంఘాలు ఇంకొకటి తెలుసుకోవాలి. 1867 నాటి చట్టం స్థానంలో 2023లో కొత్త పత్రికల నమోదు చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుండి అమలులో ఉంది. నమోదు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. కొన్ని సంఘాలు, సంస్థలు నమోదు లేకుండా ఏళ్ళ తరబడి మాసపత్రికలు నడుపుతున్నాయి. ప్రజావార్తలు, వాటి మీద వ్యాఖ్యలు వేస్తూ క్రమంగా వెలువడే పత్రిక అయితే కాగితాలు సరిచేసుకోండి. మనల్ని ఆపాలనుకునేవారికి మన నిర్లక్ష్యం సాకు కాకూడదు.

ఇక మూడవ దారి సంగతి. మన రాష్ట్రంలో ఏ ఒక్క పార్టీకో దీనిని అంటగట్టలేము. 2019 అక్టోబరులో అప్పటి ప్రభుత్వం 2430 నంబరు జీవో ఇచ్చి, నిరాధారమైన వార్తలు వచ్చాయనుకుంటే పత్రికల మీద, చానెళ్ళ మీద కేసులు వేసే అధికారం శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. ఆ ఏడాదే కొన్ని వార్తా చానెళ్ళు కేబుల్‌లో కనబడకుండా పోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక వేరే చానెళ్ళు చాలాచోట్ల కనబడలేదు. తమ ప్రమేయం లేదని పాలకపక్షం అన్నది. మాచర్లలో ఉన్నా చిలకలూరిపేటలో ఉన్నా ప్రేక్షకుడు చూసింది మాత్రం ఒకటే. నిన్న వచ్చిన చానెల్ ఈ రోజు రాలేదు. ఎవరికి నచ్చిన చానెల్ పోతే వాళ్ళు అన్యాయమన్నారు, ఎదుటివారిది పోతే నవ్వుకున్నారు. 1950 నాటి ఆ రెండు తీర్పులు ఇక్కడే గుర్తుకు తెచ్చుకోవాలి.

వార్త ఆగిపోయినప్పుడు దాని చోట మౌనం ఉండదు, పుకారు వస్తుంది. 2024 ఎన్నికల తరువాత మన జిల్లాలో 144 సెక్షను ఉన్న రోజుల్లో ఏ ఊరిలో ఏమి జరిగిందో తెలియక, ఫోన్లలో వచ్చినదంతా నమ్మి, మన విశ్వాసులు కూడా ఎంత భయపడ్డారో మాకు తెలుసు. నమ్మదగిన పత్రిక ఒకటి చేతిలో ఉండడం ఎంత అవసరమో పల్నాడువారికి వేరే చెప్పనక్కరలేదు.

మనమే అడిగిన నిషేధం

ఇంతవరకు ఇతరులు చేసినది చెప్పాము. ఇప్పుడు మన సంగతి.

2006లో 'డావిన్సీ కోడ్' అనే సినిమా వచ్చింది. అది ప్రభువును గురించి, సంఘ చరిత్రను గురించి అబద్ధాలు కల్పించి చెప్పిందని మన మనసులు గాయపడ్డాయి. దానిని ఆపమని క్రైస్తవ సంస్థలు, మరికొన్ని వర్గాలు ప్రభుత్వాన్ని కోరాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. కొద్ది వారాలకే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. కేంద్ర సెన్సారు బోర్డు అనుమతించిన సినిమాను కొందరు నొచ్చుకుంటారన్న కారణంతో రాష్ట్రం ఆపలేదన్నది అందులోని సారం.

ఆ రోజుల్లో మేమూ నిషేధం రావాలనే అనుకున్నాము. ఇప్పుడు వెనక్కి చూస్తే, మనం యెహోయాకీము చాకును అరువు అడిగామని అనిపిస్తోంది. మనల్ని నొప్పించిన దానిని ఆపమని ప్రభుత్వాన్ని అడిగితే, మన కరపత్రం, మన పాట, మన సాక్ష్యం తమను నొప్పించాయని రేపు ఇంకొకరు అడుగుతారు. అప్పుడు మనకు చెప్పడానికి మాట ఉండదు. సంఖ్యలో తక్కువగా ఉన్నవారికి నిషేధం అనే ఆయుధం ఎన్నటికీ ఆసరా కాదు, అది చివరకు ఎక్కువమంది చేతికే వెళ్తుంది. అబద్ధానికి జవాబు రాయవచ్చు. బోధించవచ్చు. మన పిల్లలకు సంఘ చరిత్ర సరిగా నేర్పవచ్చు. సినిమా ఆపమని అడిగిన మనలో ఎంతమంది ఆ పని చేశాము?

మేము ఆపిన ఉత్తరం

అధికారులకు లోబడమని పౌలు రోమీయులకు రాశాడు కదా అని కొందరు అంటారు. నిజమే. పన్ను కట్టాలి, చట్టం గౌరవించాలి, పాలకులకోసం ప్రార్థించాలి. అదే అపొస్తలులను ఆ నామమున బోధించవద్దని సభ ఆజ్ఞాపించినప్పుడు పేతురు, యోహాను దేవునికే లోబడతామని చెప్పి, ఆ తరువాత వచ్చిన దెబ్బలు కూడా భరించారు. బేతేలులో అమజ్యా యాజకుడు ఆమోసును ప్రవచించవద్దని, పొరుగు దేశానికి పొమ్మని అన్నాడు. అక్కడ రాజు కన్న ముందుగా నోరు మూయించబోయినది యాజకుడే. సంపాదకుడైన పాస్టరుగా ఆ వచనాలు చదివినప్పుడల్లా మాకు ఒక సంగతి గుర్తుకొస్తుంది.

కొన్నేళ్ళ క్రితం ఈ జిల్లాలోని ఒక ఊరినుండి ఒక సంఘపెద్ద మా పత్రికకు ఉత్తరం రాశారు. తమ ఊరి విశ్వాసులకు సమాధుల తోట లేదని, ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే పొరుగూరికి మోసుకెళ్ళవలసి వస్తోందని, అర్జీలు ఇచ్చి ఇచ్చి అలసిపోయామని రాశారు. తారీఖులు వేశారు, అర్జీల నకళ్ళు జతచేశారు. ఒక్క దూషణ మాట లేదు. వేయదగిన ఉత్తరం.

మేము వేయలేదు. ఏ అధికారీ మాకు ఫోను చేయలేదు. ఏ నోటీసూ రాలేదు. వేస్తే ఎవరికైనా కోపం వస్తుందేమో, పత్రికకు ఇబ్బంది అవుతుందేమో అని మేమే ఊహించుకుని సొరుగులో పెట్టాము. ఆయనకు "పరిశీలనలో ఉంది" అని జవాబు రాశాము.

ఆ సహోదరుడు గత సంవత్సరం ప్రభువునందు నిద్రించారు. ఆయన దేహాన్ని పొరుగూరికే తీసుకెళ్ళాము. భూస్థాపన కార్యక్రమంలో ప్రార్థన చేసింది మేమే. ఆయన భార్య ఉత్తరం ప్రస్తావన తేలేదు. తెచ్చి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

అందుకే చెబుతున్నాము, సెన్సారు అనగానే ఢిల్లీ వైపో అమరావతి వైపో మాత్రమే చూడకండి. చట్టం పంపే సెన్సారును కోర్టులో ఎదిరించవచ్చు. భయం మన చేతికిచ్చిన చాకుకు ఏ కోర్టూ లేదు, పశ్చాత్తాపమే ఉంది. ఆయన కుటుంబం అనుమతి తీసుకున్నాము. ఆ ఉత్తరం వచ్చే సంచికలో వస్తుంది.

సంఘం చేయదగినవి

చివరగా ఆ పెద్దాయనకూ, మీ అందరికీ మా మనవి కొన్ని మాటల్లో.

మీ ఊరిలో జరిగిన అన్యాయం రాసి పంపండి. తారీఖు, ఆధారం ఉండాలి. దూషణ, కులద్వేషం, పరమత నింద ఉండకూడదు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ పత్రికకూ వాట్సాప్‌కూ కూడా వర్తిస్తుంది. మీరు చూడనిది, మీకు రుజువు లేనిది ఇంకొకరికి పంపకండి.

ఏదైనా పుస్తకాన్ని, పత్రికను నిషేధించారని విన్నప్పుడు సంతోషించే ముందు, బాధపడే ముందు, ఏ కారణంతో అని అడగండి. ఉత్తర్వు తెప్పించి చదవండి. కారణం చెప్పని నిషేధం ఎవరి మీద పడినా, అది మనకు నచ్చని పత్రిక అయినా, తప్పే.

మన విశ్వాసాన్ని ఎవరైనా అవమానిస్తే జవాబు రాయండి. నిషేధం అడగకండి.

మన ప్రార్థనల్లో పాలకులు ఉంటున్నారు, మంచిదే. ఇకమీదట విలేకరులను కూడా చేర్చండి. మండల కేంద్రాల్లో తక్కువ జీతానికి, కొన్నిచోట్ల జీతమే లేకుండా, మోటారు సైకిలు మీద తిరిగి వార్త తెచ్చే ఆ కుర్రవాళ్ళు మన విశ్వాసులు కాకపోవచ్చు. ఉత్తరం పంపించిన ఊరికి వెళ్ళి ఆ సమాధుల తోట సంగతి అడగవలసినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.

యెహోయాకీము చుట్టను కాల్చిన తరువాత దేవుడు యిర్మీయాతో చెప్పింది ఒకటే పని. మరియొక చుట్ట తీసుకుని మళ్ళీ రాయమన్నాడు. మేమూ ఆ పనికే కూర్చుంటున్నాము. మాకోసం ప్రార్థించండి.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.